రిసీవర్ వేడెక్కుతోందా? తిరుపతి ఎండల్లో ఏది కొలవాలి, దేనికి డబ్బు పెట్టాలి

మా అమ్మ హోమ్ థియేటర్ రిసీవర్ (సౌండ్‌ని స్పీకర్లకు పంపే ఆంప్లిఫైయర్ డబ్బా) మీద అల్లిక గుడ్డ పరిచింది. దాని మీద ఒక ఇత్తడి ఏనుగు బొమ్మ. "ఇన్ని చిల్లులు పెట్టినారు, దుమ్ము పడతాది కదరా" అంది. చిల్లులు పెట్టిందే వేడి బయటికి పోవడానికమ్మా అంటే, "మరి టీవీకి లేవే?" అని అడిగింది. టీవీకీ ఉంటాయి, వెనక వైపు ఉండటంతో కనపడవు. ఆ వాదన తేలకముందే, రోహిణి కార్తెలో ఒక సాయంత్రం, సినిమా మంచి పట్టులో ఉండగా సౌండ్ ఆగిపోయింది. రిసీవర్ ముందు లైటు ఎర్రగా మిణుకుమంటోంది. పైన చెయ్యి పెడితే దోసె పెనం.

ఆ తర్వాత తెలిసినవాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకటే. కొర్లగుంటలో అద్దెకుండే మిత్రుడూ, చిత్తూరు గ్రీమ్స్‌పేటలో హోమ్ థియేటర్ గది కట్టుకున్న బంధువూ కూడా అదే అడిగారు: ఫ్యాన్ కొనాలా, షోకేస్ మార్చాలా, ఏసీ పెట్టించాలా, రిసీవరే మార్చాలా? సమాధానం ఇల్లును బట్టి మారుతుంది. కొనేముందు కొలవాలన్న మాట మాత్రం అందరికీ వర్తిస్తుంది. ఆ కొలతకు అయ్యే ఖర్చు రెండు మూడు సినిమా టికెట్ల కన్నా పెద్ద ఎక్కువేం కాదు.

## వేడి ఎక్కడ నుంచి వస్తోంది

వాల్యూమ్ తగ్గించినా వేడి తగ్గట్లేదని చాలామంది ఆశ్చర్యపోతారు. మామూలు ఏవీ రిసీవర్లలో ఎక్కువ భాగం క్లాస్ ఏబీ రకం ఆంప్లిఫైయర్లు. పాట వచ్చినా రాకపోయినా వాటి ట్రాన్సిస్టర్లలో కొంత కరెంటు పారుతూనే ఉండాలి, లేకపోతే చిన్న శబ్దాలు గరగరలాడతాయి. ఏడు, తొమ్మిది ఛానళ్లుంటే (టీవీ ఛానళ్లు కాదు, ఒక్కో స్పీకర్‌కి ఒక్కో ఛానల్) ఈ ఖర్చు ఒక్కో ఛానల్‌కీ ఉంటుంది. దానికి తోడు వీడియో, సౌండ్ ప్రాసెసర్ చిప్పులు. అందుకే ఏమీ మోగించకుండా ఆన్‌లో ఉంచినా చాలా రిసీవర్లు 40 నుంచి 80 వాట్ల దాకా లాగుతాయి. ఇంట్లో మనం వినే వాల్యూమ్‌లో స్పీకర్లకు పోయేది కొన్ని వాట్లే, మిగిలిందంతా ఆ డబ్బాలోనే వేడిగా మారుతుంది. అద్దం తలుపున్న షోకేస్‌లో పాత 60 వాట్ల బల్బు ఒకటి వెలిగించి తలుపు మూసేసినట్టు ఊహించుకోండి.

ఇక మన ఊరి సంగతి. చాలా రిసీవర్ల మాన్యువళ్లలో పరిసరాల ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మించకూడదని ఉంటుంది. మే నెలలో తిరుపతిలో బయట 40 దాటడం మామూలే. మిద్దె మీద పై అంతస్తు గదుల్లో స్లాబు పగలంతా కాగి, రాత్రి తొమ్మిదికి కూడా ఆ వేడిని కిందికి దించుతూనే ఉంటుంది. అంటే స్విచ్ వేయకముందే మనం మాన్యువల్ గీత దాటేశాం.

వెంటనే ఏదో పేలిపోతుందని టెన్షన్ పడక్కర్లేదు. మరీ వేడెక్కితే రిసీవర్ తనంతట తానే ఆగిపోతుంది. అసలు నష్టం నెమ్మదిగా జరుగుతుంది, లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు (కరెంటును కాసేపు దాచిపెట్టే భాగాలు). వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో వాడే మోటు లెక్క. పది డిగ్రీలు తగ్గిస్తే అదే లెక్క మనవైపు తిరుగుతుంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముఖ్యం 'తేడా'. రిసీవర్ పైన ఉన్న వేడిలోంచి గది వేడిని తీసేస్తే మిగిలేది. గది 36, రిసీవర్ పైచిల్లుల దగ్గర 52 ఉందనుకుందాం. తేడా 16. డిసెంబర్‌లో గది 26 ఉన్నప్పుడు పైన 42 చూపిస్తే, తేడా మళ్లీ 16. రిసీవర్ మారలేదు, మారింది కాలమే. అదే తేడా 16 నుంచి 26 అయిందంటే ఎక్కడో గాలి ఆగిపోయిందని అర్థం.

ఈ ఒక్క లెక్కతో సగం నిర్ణయం అయిపోతుంది. తేడా ఎక్కువగా ఉంటే చోటు, సెట్టింగులు, ఫ్యాన్ పనిచేస్తాయి. తేడా బాగానే ఉండి గదే 38 ఉంటే ఫ్యాన్ చేసేది తక్కువ. ఏ ఫ్యానూ గది గాలి కన్నా చల్లగా చేయలేదు కదా. అక్కడ ఏసీ వేయాలి, లేదా వాడే సమయం మార్చుకోవాలి.

నా హద్దులు ఇవీ (ఏ మాన్యువల్లోనూ ఉండవు, నా అనుభవం మీద పెట్టుకున్నవి): తేడా 15 లోపుంటే వదిలెయ్యండి. 15 నుంచి 25 మధ్య అయితే డబ్బు ఖర్చు లేని పనులన్నీ చెయ్యండి. 25 దాటినా, పైచిల్లుల దగ్గర 60 కనిపించినా ఆ వారంలోనే ఏదో ఒకటి చేయాలి.

మిగతా ప్రమాణాలు త్వరగా చెప్పేస్తాను. చప్పుడు: నిశ్శబ్దంగా ఉండే సీన్‌లో ఫ్యాన్ గుర్రుమంటే రిసీవర్‌కి పెట్టిన డబ్బు దండగ. అద్దె ఇల్లా, సొంతమా: షోకేస్ వెనక కన్నం కొట్టగలరా లేదా. రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది. ఇంకొకటి ఎవరూ ఆలోచించరు, ఆరు నెలల తర్వాత ఆ ఫ్యాన్‌కి పట్టిన దుమ్ము ఎవరు తుడుస్తారు?

## కొలిచే దారులు

అరచెయ్యి. ఉచితం. పెట్టి ఉంచగలిగితే సుమారు 50 లోపు. రెండు మూడు సెకన్లలో లాగేసుకోవాల్సి వస్తే 60 దగ్గరలో ఉన్నట్టు. ఎక్కడ ఎక్కువ కాగుతోందో వెతకడానికి చెయ్యిని మించింది లేదు. కానీ నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చి చూడటానికి పనికిరాదు.

ఇన్‌ఫ్రారెడ్ గన్. గురిపెట్టి నొక్కితే అంకె వస్తుంది. ముందుగా ఒక మాట. కరోనా నాడు కొన్న నుదుటి థర్మామీటర్ దీనికి పనికిరాదు, అవి చాలావరకు 43 దగ్గరే చేతులెత్తేస్తాయి. పరిశ్రమల్లో వాడే గన్ కావాలి. దానికీ ఒక లోపం ఉంది. మెరిసే లోహం మీద గురిపెడితే అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. నల్లరంగు పూసిన పైమూత మీద బాగానే చూపిస్తుంది. మీది వెండిరంగు అయితే ఒక నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, ఐదు నిమిషాలాగి దాని మీద గురిపెట్టండి. ఇంకొకటి, గన్ చెప్పేది మూత వేడి, చిల్లుల్లోంచి వచ్చే గాలి వేడి కాదు.

తీగ ఉన్న డిజిటల్ థర్మామీటర్. చేపల తొట్లకీ ఫ్రిజ్‌లకీ వాడే చిన్న నల్ల డబ్బా, దానికి మీటరు తీగ, చివర సెన్సర్. రెండు మూడు వందల్లో దొరుకుతుంది. నా ఓటు దీనికే, కానీ ఒకటి కాదు, రెండు కొనండి. ఒక సెన్సర్ రిసీవర్ పైన బాగా కాగే చోట చిల్లుల మీద, రెండోది అదే ఎత్తులో గదిలో ఇంకో మూల. రెండూ కలిస్తేనే 'తేడా' వస్తుంది. వాడేముందు రెండు సెన్సర్లనూ ఒక గంట పక్కపక్కన పడేసి చూడండి. ఒకటి డిగ్రీ ఎక్కువ చూపిస్తే ఆ డిగ్రీ తీసేసి లెక్కేసుకోండి.

వాట్లు చూపించే స్మార్ట్ ప్లగ్. ఇది వేడిని నేరుగా కొలవదు. కానీ పైన చెప్పినట్టు లాగే వాట్లన్నీ దాదాపు వేడే కాబట్టి, సెట్టింగు మార్చగానే లాభం ఉందో లేదో నిమిషంలో చెప్పేస్తుంది. ఎకో మోడ్ (కరెంటు పొదుపు చేసే సెట్టింగు) వేస్తే లాభం ఉందని నాకు తెలిసింది దీనివల్లే. రిసీవర్‌ని ఎవరు ఎన్ని గంటలు ఆన్‌లో వదిలేస్తున్నారో కూడా చెబుతుంది. అది ఇంట్లో గొడవలకు దారితీస్తే నాకు సంబంధం లేదు.

సొంతంగా చేసుకునే సెన్సర్. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్లు రెండు, ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి ఇచ్చి ఆదివారం కూర్చోబెట్టండి. మన అవసరానికి సరిపోయే రేంజిలో ఈ సెన్సర్ అర డిగ్రీ అటూఇటూగా చెబుతుంది, రోజంతా గ్రాఫ్ గీస్తుంది. సరదా ఉన్నవాళ్లకు బాగుంటుంది. రిసీవర్ బాగుపడితే చాలనుకునేవాళ్లకు ఇది అవసరం లేదు.

ఏదైనా సరే, కొలిచే పద్ధతి ఒకటే ఉండాలి. అదే సినిమా, అదే వాల్యూమ్, తలుపులు మామూలుగా ఎలా ఉంటాయో అలా. వేడి నిలకడకు రావడానికి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. పది నిమిషాలకే చూసి బాగుందనుకోవద్దు. సాయంత్రం 4కి ఒకసారి, రాత్రి 9కి ఒకసారి రాసుకోండి.

## చల్లార్చే దారులు

### చోటు సరిచేయడం

దీన్ని దాటేసి ఫ్యాన్ కొన్నవాళ్లను చాలామందిని చూశాను. యమహా పాత ఆర్‌ఎక్స్-వి రకం మాన్యువళ్లలో పైన 30 సెంటీమీటర్లు, పక్కల 20, వెనక 20 ఖాళీ వదలమని ఉంటుంది. మన టీవీ షోకేస్ గూళ్ల ఎత్తే మొత్తం 20, 25 ఉంటుంది, అందులో రిసీవర్ ఎత్తు 15 పైనే. అంత ఖాళీ కుదరకపోయినా, ఉన్నంతలో పై వైపుకే ఎక్కువ ఇవ్వండి. వేడిగాలి పైకి పోతుంది, కింద నుంచి చల్లగాలి రావాలి. ఈ రెండిట్లో ఏది మూసుకున్నా ఇంకోటి పనిచెయ్యదు.

చెయ్యాల్సినవి పెద్దవేం కాదు. అద్దం తలుపు వాడేటప్పుడు తెరవండి, వీలైతే తీసి మంచం కింద పెట్టండి. రిసీవర్‌ను పై అరలోకి మార్చండి, లేదా షోకేస్ పైనే పెట్టండి. దాని మీద కేబుల్ బాక్సు పెట్టకండి, బాక్సు తనూ వేడిదే. కింద కాళ్లు పొట్టిగా ఉంటే కాస్త ఎత్తు లేపండి, కింది చిల్లులకు గాలి ఆడుతుంది.

మా అమ్మ అల్లిక గుడ్డ, ఏనుగు ఇప్పుడు సబ్‌ఊఫర్ మీద ఉన్నాయి. దాని ఆంప్లిఫైయర్ వెనక పలక మీద ఉంటుంది కాబట్టి పైన గుడ్డ పరిచినా ఇబ్బంది లేదు. ఆమెకూ నచ్చింది, అక్కడైతే ఏనుగు బాగా కనిపిస్తోందట.

లోపం ఒకటే. షోకేస్ గోడలో కట్టించింది అయితే మార్చడానికి చోటు ఉండదు. అప్పుడు మిగతావి చూడాలి.

### సెట్టింగులు

డబ్బు ఖర్చు లేదు, రిమోట్‌తో పది నిమిషాల పని. డెనాన్, మరాంజ్, యమహా వంటి వాటిలో ఎకో మోడ్ ఉంటుంది. ఆంప్లిఫైయర్‌కి వెళ్లే శక్తిని తగ్గించి వేడి తగ్గిస్తుంది. కొన్నిటిలో 'ఆటో' అని కూడా ఉంటుంది, వాల్యూమ్ తక్కువలో ఎకో, పెంచితే మామూలు. పెద్ద గదిలో గట్టిగా పెట్టి చూసేవాళ్లు ఆటో పెట్టుకోండి. హాల్లో మామూలుగా చూసేవాళ్లకు పూర్తి ఎకోలో తేడా చెవికి తెలిసే అవకాశం తక్కువ.

స్పీకర్లను 'స్మాల్' అని పెట్టి 80 హెర్ట్జ్ దగ్గర బేస్‌ని సబ్‌ఊఫర్‌కి మళ్లించండి. పెద్ద టవర్ స్పీకర్లు కొని 'స్మాల్' అని పెట్టడానికి మనసొప్పదు, తెలుసు. కానీ ఎక్కువ కరెంటు తాగేది బేసే. సబ్‌ఊఫర్‌కి సొంత ఆంప్లిఫైయర్ ఉంది, ఆ బరువు అది మోస్తుంది.

ఇంపిడెన్స్‌ను (కరెంటుకు స్పీకర్ చూపే నిరోధం) 4 ఓమ్‌లకో 6 ఓమ్‌లకో మార్చే సెట్టింగు సంగతి వేరు. అది వోల్టేజీని కట్టడి చేసి వేడి తగ్గిస్తుంది, దాంతోపాటు సినిమాలో ఎగిసిపడే శబ్దాల్లో ఊపు కూడా పోతుంది. ఎకో ఆటో ఉంటే దీన్ని కదిలించక్కర్లేదని నా అభిప్రాయం. 4 ఓమ్ స్పీకర్లు మాత్రం అదే వాల్యూమ్‌కి 8 ఓమ్ వాటికన్నా రెట్టింపు కరెంటు లాగుతాయి. అవి ఉన్నవాళ్లు సెట్టింగుతో ఊరుకోకుండా ఫ్యాన్ దాకా వెళ్లాలి.

ఎక్కువ ఫలితం ఇచ్చే సెట్టింగు అసలు సెట్టింగే కాదు. మా ఇంట్లో పొద్దున సుప్రభాతం వేళ నుంచి ఎస్వీబీసీ నడుస్తూనే ఉంటుంది, మధ్యాహ్నం సీరియళ్లు, రాత్రి వార్తలు. వీటన్నిటికీ తొమ్మిది ఛానళ్ల రిసీవర్ ఎందుకు? కేబుల్ బాక్సును నేరుగా టీవీకి కలిపాను, రిసీవర్‌కి సౌండ్ టీవీ నుంచి ఈ-ఆర్క్ దారిలో (అదే హెచ్‌డీఎంఐ తీగలో వెనక్కి) వస్తుంది. మామూలు రోజుల్లో టీవీ స్పీకర్లే మోగుతాయి. సినిమా ఉన్న రోజు రిసీవర్ ఆన్. రోజుకు పన్నెండు గంటలు కాగేది ఇప్పుడు వారానికి ఎనిమిది గంటలకు దిగింది. ఆటో స్టాండ్‌బై కూడా పెట్టేయండి, మర్చిపోయినా ఆగిపోతుంది.

### పైన పెట్టే ఫ్యాన్లు

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

మొదటిది, సైజు. చిన్న ఫ్యాన్ గట్టిగా తిరగడం కన్నా పెద్ద ఫ్యాన్ మెల్లగా తిరగడం మేలు. 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు తీసుకోండి. ఊళ్లో కంప్యూటర్ రిపేరు షాపులో దొరుకుతాయి. మంచి రకాలు చూసి కొనాలనుకుంటే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లిరావడం మనవాళ్లకు అలవాటేగా.

రెండోది, దిక్కు. ఫ్యాన్ వేడిగాలిని లోపలి నుంచి పైకి లాగాలి. వేడిగాలి ఎలాగూ పైకే పోతోంది, మనం దానికి చెయ్యందిస్తున్నాం అంతే. పైనుంచి కిందికి ఊదితే రెండు గాలులూ కొట్లాడుకుంటాయి. ఫ్యాన్ ఫ్రేము మీద బాణం గుర్తు ఉంటుంది, లేకపోతే ఒక టిష్యూ కాగితం పెట్టి చూడండి.

మూడోది, బేరింగ్. చవక ఫ్యాన్లలో ఉండే స్లీవ్ బేరింగ్ నిలబెట్టి వాడటానికే అనుకూలం. పడుకోబెడితే త్వరగా అరిగి కిర్రుమంటుంది. మనం పడుకోబెట్టే వాడతాం కాబట్టి బాల్ బేరింగ్ ఉన్నది అడగండి. నాక్టువా వంటి కంపెనీలవి వేరే రకం బేరింగ్, ఖరీదే, కానీ అవి నడుస్తున్నట్టే తెలియదు.

నాలుగోది, కరెంటు. 12 వోల్టుల ఫ్యాన్‌ను 5 వోల్టుల యూఎస్‌బీకి కలిపితే మెల్లగా, చప్పుడు లేకుండా తిరుగుతుంది. కొన్ని మాత్రం అంత తక్కువలో కదలనే కదలవు, షాపులోనే పెట్టి చూసుకోండి. రిసీవర్ వెనక యూఎస్‌బీకి కలిపితే రిసీవర్‌తోనే ఆన్ అవుతుంది, ఆగుతుంది. కొన్నిటికి వెనక 12 వోల్టుల ట్రిగ్గర్ అవుట్ (వేరే యంత్రాలను ఆన్ చేసే సంకేతం ఇచ్చే సాకెట్) ఉంటుంది. అది ఇచ్చేది 0.1, 0.15 ఆంపియర్లే. ఫ్యాన్ మీద రాసిన ఆంపియర్లు కూడి, అంతకన్నా తక్కువైతేనే కలపండి.

ఫ్యాన్‌ను నేరుగా మూత మీద పెట్టకుండా నాలుగు మూలలా రబ్బరు బుడిపెలు పెట్టండి. అదురు తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. మా ఇంట్లో రెండు 120 ఫ్యాన్లు మెల్లగా తిరిగితే తేడా దాదాపు పది డిగ్రీలు పడిపోయింది. అయితే షోకేస్ తలుపు మూసి ఉంచి చేసినప్పుడు ఆ లాభం సగం కూడా రాలేదు. పైకి లాగిన వేడిగాలి ఆ గూట్లోనే తిరిగి మళ్లీ రిసీవర్‌లోకి దూరింది.

### ఉష్ణోగ్రత చూసుకుని తిరిగే రెడీమేడ్ యూనిట్

ఏసీ ఇన్ఫినిటీ వంటి కంపెనీలు రిసీవర్ వెడల్పులోనే, సెన్సర్, డిస్‌ప్లేతో కూలింగ్ యూనిట్లు చేస్తాయి. వేడి పెరిగితే వేగం పెరుగుతుంది. చూడ్డానికి చక్కగా, మరో యంత్రంలాగే కనిపిస్తుంది. ఖరీదు మాత్రం చేతితో చేసుకున్న ఫ్యాన్లకు ఎన్నో రెట్లు. చేతి పని వచ్చినవాళ్లు డబ్ల్యూ1209 అనే చిన్న థర్మోస్టాట్ బోర్డు, 12 వోల్టుల అడాప్టర్, రెండు ఫ్యాన్లతో ఇదే పని చేయించుకోవచ్చు. 42కి ఆన్, 38కి ఆఫ్ అని పెడితే మన దగ్గర మే నెలంతా ఆగకుండా తిరుగుతుంది, గదే 38 ఉంటుందిగా. ఎండాకాలానికి అంకెలు మార్చుకోవాలి.

### షోకేస్‌కే ఎగ్జాస్ట్

గోడలో కట్టేసిన అల్మారా అయితే అసలు మందు ఇదే. వెనక పలకలో పై భాగంలో ఫ్యాన్‌కి ఒక కన్నం, కింద గాలి రావడానికి ఇంకో కన్నం. వడ్రంగికి గంట పని. కింది కన్నం మర్చిపోతే పై ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది. రెండిటికీ దోమల మెష్ కొట్టించండి. వానాకాలంలో వెచ్చదనానికి బల్లులు చేరతాయి, రిసీవర్ లోపల బల్లి చచ్చిందంటే బోర్డే పోవచ్చు.

### వేరే పవర్ ఆంప్

ప్రీ-అవుట్లు (బయటి ఆంప్లిఫైయర్‌కి సౌండ్ పంపే సాకెట్లు) ఉన్న రిసీవర్‌కి ముందు స్పీకర్ల కోసం వేరే ఆంప్లిఫైయర్ కలపొచ్చు. క్లాస్ డీ రకం అయితే అది పెద్దగా వేడెక్కదు. కానీ లోపలి ఆంప్లిఫైయర్ ఆగకుండా అలాగే నడుస్తూ ఉంటే వేడి అనుకున్నంత తగ్గదు. కొన్ని మోడళ్లలో దాన్ని ఆపేసే ప్రీయాంప్ మోడ్ ఉంటుంది, అది ఉందో లేదో చూసుకునే దిగండి. వేడి కోసమే అయితే ఇది అతి ఖరీదైన దారి.

### ఏసీ

గది వేడినే దించేది ఇదొక్కటే. గది 37 నుంచి 27కి వస్తే రిసీవర్ కూడా అంతే దిగుతుంది. అయితే మూసిన గూట్లోకి ఏసీ గాలి చేరదు. ఏసీ గదిలోనూ రిసీవర్ ఆగిపోతోందంటే కారణం చాలాసార్లు ఆ అద్దం తలుపే.

| దారి | తగ్గించేది | ఖర్చు | చప్పుడు | అద్దె ఇంటికి |
|---|---|---|---|---|
| చోటు సరిచేయడం | తేడా, బాగా | లేదు | లేదు | సరే |
| సెట్టింగులు, వాడకం | తేడా, గంటలు | లేదు | లేదు | సరే |
| పైన 120 ఫ్యాన్లు రెండు | తేడా, బాగా | తక్కువ | మెల్లగా తిరిగితే దాదాపు లేదు | సరే |
| రెడీమేడ్ యూనిట్ | తేడా, బాగా | ఎక్కువ | వేగాన్ని బట్టి | సరే |
| షోకేస్ ఎగ్జాస్ట్ | గూట్లో నిలిచే వేడి | మధ్యస్థం | కొంచెం | ఓనర్‌ని అడగాలి |
| వేరే పవర్ ఆంప్ | తేడా, మోడల్‌ను బట్టి | చాలా ఎక్కువ | లేదు | సరే |
| ఏసీ | గది వేడి | చాలా ఎక్కువ, నెలనెలా బిల్లు | ఉంటుంది | ఓనర్‌ని అడగాలి |

## ఎవరికి ఏది

మిద్దె మీద అద్దె గది, ఏసీ లేదు. రిసీవర్‌ను బయట పెట్టండి, ఎకో వేయండి, రెండు యూఎస్‌బీ ఫ్యాన్లు పెట్టండి. అంతకు మించి ఖర్చు వద్దు. మే నెలలో మధ్యాహ్నం సినిమా మానేసి రాత్రి పది తర్వాత పెట్టుకోండి, అప్పటికి కిటికీలు తెరిస్తే గది మూడు నాలుగు డిగ్రీలైనా దిగుతుంది.

పెద్దవాళ్లు రోజంతా టీవీ చూసే ఇల్లు. రిసీవర్‌ను రోజువారీ టీవీ దారిలోంచి తప్పించండి. ఫ్యాన్ పెట్టినా వాళ్లు దాన్ని తుడవరు, ఏడాదికి అదే దుమ్ము మూతవుతుంది.

ఏసీ ఉన్న హోమ్ థియేటర్ గది, 4 ఓమ్ టవర్లు, గట్టిగా వినే అలవాటు. ఎకో ఆటో, 80 హెర్ట్జ్, పైన మంచి బేరింగ్ ఉన్న ఫ్యాన్లు. రిసీవర్ ర్యాక్‌లో ఉంటే రెడీమేడ్ యూనిట్‌కి డబ్బు పెట్టడం ఇక్కడ మాత్రం తప్పు కాదు. అయినా తేడా 25 దాటితే అప్పుడు పవర్ ఆంప్ గురించి ఆలోచించండి.

గోడలో కట్టిన షోకేస్, ఇంట్లో ఎవరూ కదిలించనివ్వరు. వెనక ఎగ్జాస్ట్. ముందు నుంచి కనపడదు కాబట్టి ఒప్పుకుంటారు.

కొత్తగా కొనబోతున్నవాళ్లు. ఐదు స్పీకర్లే పెట్టే చోట తొమ్మిది ఛానళ్ల రిసీవర్ కొనకండి. వాడని ఛానళ్లకూ వేడి ఉంటుంది.

కొన్ని జుగాడ్లు చూస్తుంటాను, అవి వద్దు. ఎయిర్ కూలర్‌ను రిసీవర్ వైపు తిప్పడం: వచ్చేది తడిగాలి, బోర్డు మీద తుప్పుకి దారి. టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టడం ఒక పూటకు పర్వాలేదు, రోజూ అయితే దుమ్మంతా లోపలికే. పైమూత విప్పేసి వాడటం అసలొద్దు. ప్లగ్గు తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు ఉంటుంది. వారంటీ కూడా పోతుంది. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద రిసీవర్ నడపడం కూడా మంచిది కాదు. ట్రాన్స్‌ఫార్మర్ గుమ్మంటుంది, వేడెక్కుతుంది. కరెంటు పోతే సినిమా ఆపేయండి.

చివరగా ఆ ఎర్ర లైటు. అన్ని ఎర్ర మిణుకులూ వేడివల్ల కావు. డెనాన్ మాన్యువళ్లలో దీన్ని విడదీసి చెబుతారు: రెండు సెకన్లకోసారి మిణుకుమంటే లోపల వేడెక్కిందని, ఆపేసి సుమారు గంట చల్లారనివ్వాలి. అర సెకనుకోసారి టకటకా కొట్టుకుంటుంటే స్పీకర్ తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూడాలి, లేదా ఆంప్లిఫైయర్‌లోనే లోపం. వేరే కంపెనీలవైతే మాన్యువల్ చూడండి. మా ఇంట్లో ఆ సాయంత్రం నెమ్మదిగానే మిణుకుమంది, గంట తర్వాత మామూలుగా వచ్చింది. చిత్తూరు బంధువు మాత్రం లైటు చూసిందే తడవుగా ఫ్యాన్లు తెప్పించి, థర్మోస్టాట్ పెట్టి, షోకేస్‌కి కన్నం కూడా కొట్టించాడు. రిసీవర్ ఆగడం ఆగలేదు. నేను వెళ్లి వెనక్కి తిప్పి చూస్తే, ఎడమ స్పీకర్ తీగలోంచి వెంట్రుకంత రాగి పోగు ఒకటి బయటికొచ్చి పక్క టెర్మినల్‌ని తాకుతోంది.